చేతిలో ఉన్న అక్షరాలతో ఇంగ్లిష్ పదాలు పట్టడం ఎలా? నల్లగొండ, పాలమూరు ఆటగాళ్లకు ఒక మార్గదర్శి

ఇంగ్లిష్ పదాల ఆటలు ఆడేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులో పక్క సీటు ఫోన్‌లో వర్డల్ గళ్లు (ఐదక్షరాల పదాన్ని ఊహించే ఆట) కనిపిస్తాయి. సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లలు స్క్రాబుల్ బోర్డు తీస్తారు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకు రీజనింగ్ పేపర్లో ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. ఆడమంటే మాత్రం చాలామంది ఒకే మాట అంటారు: "మాది తెలుగు మీడియం, మాకన్ని పదాలు ఎక్కడ తెలుస్తయి?"

నైజెల్ రిచర్డ్స్ అని న్యూజీలాండ్‌కు చెందిన ఆటగాడున్నాడు. 2015లో ఫ్రెంచ్ భాషలో జరిగిన ప్రపంచ స్క్రాబుల్ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడడం రాదు. ఆ భాష పదాల జాబితాను బట్టీ పట్టి వెళ్లాడంతే. అంత జ్ఞాపకశక్తి అందరికీ ఉండదు, అది వేరే సంగతి. కానీ ఈ ఆటలో భాష ఎంత వచ్చు అన్నదానికంటే ఏ అక్షరం పక్కన ఏ అక్షరం నిలుస్తుంది అన్నదే ఎక్కువ పనికొస్తుందని ఆ గెలుపు చూపించింది. ఆ రెండోది నేర్చుకోవచ్చు.

ఇక్కడ స్పెల్లింగులన్నీ మనం చిన్నప్పుడు బడిలో గట్టిగా చదివినట్టే రాస్తున్నాను: సి-ఏ-టి క్యాట్. పక్కన కాగితం పెట్టుకుని ఇంగ్లిష్‌లో రాసుకుంటూ చదివితే బాగా ఎక్కుతుంది.

ముందుగా ప్రశ్న ఏ రకమో తేల్చుకోండి

"ఈ అక్షరాలున్న పదం కావాలి" అనే మాట వెనక మూడు వేర్వేరు ప్రశ్నలుంటాయి.

ఒకటి, చేతిలో కొన్ని అక్షరాలున్నాయి, వాటితోనే పదం కట్టాలి. స్క్రాబుల్ ఇదే: ఒక్కో అక్షరానికి ఇన్ని మార్కులని ఉన్న ఏడు బిళ్లలు చేతిలో ఉంటాయి, వాటితో బోర్డు మీద పదాలు పేర్చాలి. రెండోది, పదంలో కొన్ని స్థానాలు తెలుసు, మిగతావి ఖాళీ. క్రాస్‌వర్డ్, వర్డల్ ఈ కోవలోవి. మూడోది, ఒక పెద్ద పదం ఇచ్చి, దాని అక్షరాలతో ఏ పదం వస్తుందో, ఏది రాదో చెప్పమంటారు. పోటీ పరీక్షల్లో వచ్చేది ఇది.

మూడింటికీ ఒకే పద్ధతి పనిచేయదు. మొదటిదానికి అక్షరాలు కలపడం రావాలి, రెండోదానికి కొట్టివేయడం రావాలి, మూడోదానికి లెక్కపెట్టడం రావాలి. చాలామంది మూడింటిలోనూ అక్షరాల వైపు గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటారు. అందుకే టైమ్ అయిపోతుంది.

కలిసి తిరిగే అక్షరాలు

ఏ ఆటకైనా పునాది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఇంగ్లిష్‌లో హెచ్ పదం మొదట్లో లేకపోతే ఒంటరిగా ఉండడం తక్కువ. సి, ఎస్, టి, పి, డబ్ల్యూ, వీటిలో ఒకదాని వెనక చేరుతుంది: సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్. కాబట్టి చేతిలో హెచ్ కనబడగానే ఈ ఐదింటిలో ఏదుందో చూసుకుని రెండింటినీ ఒకే బిళ్లలా పక్కన పెట్టేయండి. ఏడు బిళ్లలు ఆరు అయినట్టే, ఆలోచించాల్సిన కలయికలు బాగా తగ్గిపోతాయి. ఎన్-జి, సి-కె కూడా అలాంటి జతలే. కాకపోతే ఇవి పదం మొదట్లో రావు, మధ్యలోనో చివర్లోనో వస్తాయి.

ఒక్కో అక్షరానికి ఇష్టమైన చోటు ఉంటుంది. ఎక్స్ చివర హాయిగా కూర్చుంటుంది: బి-ఓ-ఎక్స్, ఎఫ్-ఐ-ఎక్స్, టి-ఏ-ఎక్స్. జె ఎక్కువగా మొదట్లో వస్తుంది. వై చివర. వి మాత్రం చివర్న నిలబడడం చాలా అరుదు, మామూలుగా వెనక ఇ ఉండాల్సిందే: జి-ఐ-వి-ఇ, ఎల్-ఓ-వి-ఇ, ఎస్-ఏ-వి-ఇ. స్క్రాబుల్లో వి తో ఒక్క రెండక్షరాల పదం కూడా లేదు. కాబట్టి వి వస్తే ఇ ని అనవసరంగా ఖర్చు చేయకండి.

ఇక తోకలు. ఐ-ఎన్-జి, ఇ-ఆర్, ఇ-డి, ఇ-ఎస్-టి, ఎల్-వై, టి-ఐ-ఓ-ఎన్. మొదట్లో అతికేవి ఆర్-ఇ, యు-ఎన్, డి-ఇ. వీటిలో ఏవి చేతిలో ఉన్నాయో ముందు చూడండి. తోక తీసి పక్కన పెట్టి, మిగిలిన నాలుగు అక్షరాలతో చిన్న పదం వస్తుందేమో వెతకండి. ఏడక్షరాల పదం వెతకడం కంటే నాలుగక్షరాల పదం వెతకడం ఎంతో తేలిక.

ఒకసారి చేసి చూద్దాం. చేతిలో ఏ, ఇ, జి, ఐ, ఎన్, ఆర్, టి ఉన్నాయి. ఐ-ఎన్-జి తోక కనిపిస్తోంది, తీసేయండి. మిగిలింది ఏ, ఇ, ఆర్, టి. వాటితో టి-ఇ-ఏ-ఆర్ వస్తుంది. వెనక తోక అతికిస్తే టి-ఇ-ఏ-ఆర్-ఐ-ఎన్-జి, టేరింగ్. ఏడూ అయిపోయాయి. అవే అక్షరాలతో ఆర్-ఏ-టి-ఇ కూడా వస్తుంది కానీ దానికి తోక తగిలిస్తే ఇ ఎగిరిపోయి రేటింగ్ అవుతుంది, అంటే ఒక బిళ్ల మిగిలిపోతుంది. తోకల పద్ధతిలో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది.

అయితే అవే ఏడక్షరాల్లో మన గుట్టల నిండా ఉన్నది కూడా దాగి ఉంది: జి-ఆర్-ఏ-ఎన్-ఐ-టి-ఇ, గ్రానైట్. ఐ-ఎన్-జి మీదే కళ్లు పెట్టుకుంటే ఇది ఎప్పటికీ దొరకదు. జి, ఆర్ జతను ముందు పెట్టి, ఐ-టి-ఇ తోకను చివర పెడితేనే బయటపడుతుంది. అందుకని ఒక తోక దొరికినా అక్కడే ఆగకండి, ఇంకో తోక ఉందేమో చూడండి. ఐ-టి-ఇ రాళ్ల పేర్లలో, ఖనిజాల పేర్లలో తరచుగా వస్తుంది.

కళ్లు పాత వరసకు అలవాటు పడతాయి. అందుకే ఆడేవాళ్లు బిళ్లలను ఊరికే అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు. కాగితం మీదైతే అక్షరాలను వరసగా రాయకుండా గుండ్రంగా రాయండి. గుండ్రంగా రాసినప్పుడు మొదలూ చివరా ఉండవు, కొత్త జతలు కంటబడతాయి.

స్క్రాబుల్ బిళ్లల లెక్క

స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో ఆర్కిటెక్ట్. 1930లలో వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కగట్టి బిళ్లల సంఖ్య, మార్కులు నిర్ణయించాడు. మొత్తం 100 బిళ్లలు, అందులో రెండు ఖాళీవి, వాటిని ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు. ఇ 12, ఏ, ఐ తొమ్మిదేసి, ఓ 8. ఎస్ మాత్రం నాలుగే. అది చివర పెట్టి ఏ పదాన్నైనా బహువచనం చేసేయవచ్చు కదా, ఆట మరీ సులువైపోతుందని తగ్గించాడు. కనుక ఎస్ ను ఐదారు మార్కుల కోసం వాడేయడం దండగ. అలాగే ఖాళీ బిళ్లను కూడా పెద్ద పదం కోసం దాచుకోవాలి. ఏడు బిళ్లలూ ఒకేసారి దించితే 50 మార్కులు అదనంగా వస్తాయి.

ఇక్కడ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం రెండక్షరాల పదాలు. వందకు పైగా ఉన్నాయి. అన్నీ ఒకేసారి వద్దు. ముందు మార్కులెక్కువున్న అక్షరాలవి పట్టండి: క్యూ-ఐ, జెడ్-ఏ, ఎక్స్-ఐ, ఎక్స్-యు, జె-ఓ, కె-ఐ. తర్వాత ఏ-ఎక్స్, ఇ-ఎక్స్, ఓ-ఎక్స్. క్యూ-ఐ అంటే చైనావాళ్లు చెప్పే ప్రాణశక్తి, జెడ్-ఏ అంటే పిజ్జాకు కురచ పేరు. అర్థం తెలియకపోయినా ఆటలో చెల్లుతుంది.

అచ్చులు ఎక్కువై ఇరుక్కుపోతే ఏ-ఐ, ఓ-ఐ, ఏ-యు-డి-ఐ-ఓ, ఏ-డి-ఐ-ఇ-యు గుర్తుంచుకోండి. అచ్చు ఒక్కటీ రాకపోతే కంగారొద్దు. వై అచ్చులా పనిచేస్తుంది: ఎన్-వై-ఎమ్-పి-హెచ్, సి-ఆర్-వై-పి-టి. వై కూడా లేదంటే మనుషులు చేసే చప్పుళ్లున్నాయి: హెచ్-ఎమ్-ఎమ్, ఎస్-హెచ్-హెచ్, బి-ఆర్-ఆర్, పి-ఎస్-టి. ఇవన్నీ ఆటలో చెల్లే పదాల జాబితాలో ఉన్నవే. ఎదుటివాళ్లు గొడవపడితే పుస్తకం చూపించండి.

ఇంకొకటి, బోర్డు మీద ఉన్న పదానికే ముందొక అక్షరం, వెనకొక అక్షరం అతికించడం. ఆర్-ఏ-ఐ-ఎన్ ఉందనుకోండి. ముందు టి పెడితే ట్రెయిన్, బి పెడితే బ్రెయిన్, జి పెడితే గ్రెయిన్, డి పెడితే డ్రెయిన్. వెనక వై పెడితే రెయినీ. వెనక అతికించడం అందరికీ తడుతుంది, ముందు అతికించడం తట్టదు. అక్కడే ఆట గెలుస్తారు.

క్యూ, జెడ్, జె వస్తే మన ఊరి వైపు చూడండి

క్యూ రాగానే ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా యు కోసం వెతుకుతారు. యు బిళ్లలు మొత్తం నాలుగే. అది రాకపోతే పది మార్కుల బిళ్ల చేతిలో కుళ్లిపోతుంది. కానీ యు అక్కర్లేని క్యూ పదాల్లో చాలావరకు అరబ్బీ, ఫార్సీ నుంచి వచ్చినవి. ఉర్దూ వినిపించే పాలమూరు, నల్లగొండ మనుషులకు అవి పుట్టినప్పటి నుంచీ తెలిసినవే.

బుర్ఖా: బి-యు-ఆర్-క్యూ-ఏ. ఇందులో యు ఉంది కానీ క్యూ పక్కన లేదు. ఫకీరు: ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్. నిఖాబ్: ఎన్-ఐ-క్యూ-ఏ-బి. తలాక్: టి-ఏ-ఎల్-ఏ-క్యూ. నమాజు చేసే దిక్కు ఖిబ్లా: క్యూ-ఐ-బి-ఎల్-ఏ. ఖాజీ అయితే మరీ బంగారం: క్యూ-ఏ-జెడ్-ఐ, నాలుగే అక్షరాలు, 22 మార్కులు. దర్గాల ఉర్సుల్లో వినే ఖవ్వాలీ కూడా ఉంది: క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ. సరిగ్గా ఏడక్షరాలు. పడిందంటే 22 మార్కులు, పైన 50.

జెడ్ వస్తే నిజాం గుర్తుకు రావాలి: ఎన్-ఐ-జెడ్-ఏ-ఎమ్, 16 మార్కులు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద వెలిసిన మహబూబ్‌నగర్ ఊరి పేరు మాత్రం చెల్లదు, ఎందుకంటే సొంత పేర్లు ఆటలో లేవు. నిజాం అనేది బిరుదు కాబట్టి చెల్లుతుంది. గద్వాల చీర అంచులోని జరీ ఉంది: జెడ్-ఏ-ఆర్-ఐ. జమీందారు ఉంది, జిల్లా కూడా ఉంది: జెడ్-ఐ-ఎల్-ఎల్-ఏ. జె వస్తే మన జొన్నలు: జె-ఓ-డబ్ల్యూ-ఏ-ఆర్, 15 మార్కులు. కె వస్తే పోచంపల్లి నేత: ఐ-కె-ఏ-టి. పిల్లలమర్రి చెట్టు బి-ఎన్-వై అక్షరాలను వదిలించుతుంది: బి-ఏ-ఎన్-వై-ఏ-ఎన్. హెచ్, డి ఎక్కువైతే ధర్నా, బంద్, లాఠీ, ధోతి, ఘెరావ్ ఉన్నాయి. కల్లుకు టి-ఓ-డి-డి-వై.

స్పెల్లింగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ధర్నా డి-హెచ్-ఏ-ఆర్-ఎన్-ఏ, చివర రెండు ఏ-లు పెడితే తప్పు. మనం పలికినట్టు రాసుకుపోతే కుదరదు, ఒక్కసారి జాబితాలో చూసుకోవాలి. ఇంకో సంగతి. అంతర్జాతీయ పోటీల్లోనూ మన దేశంలోనూ కాలిన్స్ డిక్షనరీవాళ్ల పదాల జాబితా వాడతారు, అందులో సుమారు 2,80,000 పదాలున్నాయి. అమెరికా, కెనడాలలో వాడే జాబితా రెండు లక్షలకు కాస్త తక్కువ. పైన చెప్పిన మన పదాల్లో కొన్ని కాలిన్స్‌లోనే చెల్లుతాయి. ఫోన్ యాప్‌లో ఆడుతుంటే సెట్టింగ్స్‌లో ఏ డిక్షనరీ పెట్టారో ముందే చూడండి.

వర్డల్: కొట్టివేత ఆట

ఐదక్షరాల పదం, ఆరు అవకాశాలు. ఆకుపచ్చ అంటే అక్షరమూ సరే, చోటూ సరే. పసుపు అంటే అక్షరం ఉంది, చోటు మారాలి. బూడిద రంగు అంటే లేదు.

మొదటి పదంలో ఎక్కువగా వాడే అక్షరాలుండాలి, ఏదీ రెండుసార్లు రాకూడదు. ఎస్-ఎల్-ఏ-టి-ఇ, స్లేట్ మంచి ఎంపిక. నాకు ఏ-డి-ఐ-ఇ-యు తో మొదలుపెట్టేవాళ్ల పద్ధతి నచ్చదు. అచ్చులు తెలిసిపోతాయి నిజమే కానీ పదాన్ని పట్టించేది హల్లులు.

స్లేట్ వేశాం, మూడో చోట ఏ ఆకుపచ్చ అయింది, మిగతావన్నీ బూడిద. రెండోసారి బి-ఆర్-ఏ-ఐ-ఎన్ వేశాం. ఏ ఆకుపచ్చ, ఆర్ పసుపు. అంటే ఆర్ ఉంది కానీ రెండో చోట కాదు. మిగిలినవి మొదటి, నాలుగో, ఐదో చోట్లు. ఏ పక్కన ఆర్ ఎక్కువగా వస్తుంది కాబట్టి నాలుగో చోటు అనుకుని కాగితం మీద రాయండి: ఖాళీ, ఖాళీ, ఏ, ఆర్, ఖాళీ. ఇప్పుడు కొట్టేసిన అక్షరాలు లేకుండా ఏమేం పడతాయి? సి-హెచ్-ఏ-ఆర్-ఎమ్, జి-యు-ఏ-ఆర్-డి, హెచ్-ఓ-ఏ-ఆర్-డి, డి-డబ్ల్యూ-ఏ-ఆర్-ఎఫ్, డబ్ల్యూ-హెచ్-ఏ-ఆర్-ఎఫ్, ఏ-డబ్ల్యూ-ఏ-ఆర్-డి, క్యూ-యు-ఏ-ఆర్-కె.

ఇక్కడ చాలామంది తమకు బాగా తెలిసిన పదం వేసేస్తారు. అలా కాకుండా, ఈ పదాల్లో పదేపదే వస్తున్న అక్షరాలేవో చూడండి. డి, హెచ్. ఆ రెండూ ఉన్న పదం హెచ్-ఓ-ఏ-ఆర్-డి. అది వేస్తే ఏ, ఆర్ ఆకుపచ్చ, డి బూడిద, ఓ బూడిద, హెచ్ పసుపు అయ్యాయనుకోండి. హెచ్ మొదట్లో లేదు. ముందు చెప్పుకున్నాం కదా, హెచ్ ఒక జోడీని వెతుక్కుంటుంది. కాబట్టి రెండో చోటే దానిది, ముందు సి గానీ డబ్ల్యూ గానీ ఉండాలి. చార్మ్ లేదా వార్ఫ్. ఇంకా మూడు అవకాశాలున్నాయి, టెన్షన్ అక్కర్లేదు.

క్రాస్‌వర్డ్‌కూ ఇదే దారి, అదనంగా ఆధారం ఉంటుంది. ఆధారం బహువచనంలో ఉంటే జవాబు చివర ఎస్, జరిగిపోయిన పని గురించైతే చివర ఇ-డి ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పెన్సిల్‌తో రాసుకుని ముందుకెళ్లండి.

రీజనింగ్ పేపర్లో

"ఇచ్చిన పదంలోని అక్షరాలతో కింది వాటిలో ఏ పదం చేయలేం?" ఇది బ్యాంకు, రైల్వే, ఎస్‌ఎస్‌సి (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల తరహా ప్రశ్న. ఇక్కడ ఇంగ్లిష్ అవసరమే లేదు. లెక్క వస్తే చాలు.

కాన్‌స్టిట్యూషన్ ఇచ్చారనుకోండి: సి-ఓ-ఎన్-ఎస్-టి-ఐ-టి-యు-టి-ఐ-ఓ-ఎన్. ముందు పక్కన లెక్క రాసుకోండి. టి మూడు, ఓ రెండు, ఎన్ రెండు, ఐ రెండు, సి, ఎస్, యు ఒక్కొక్కటి. జవాబులు: ఎస్-యు-సి-టి-ఐ-ఓ-ఎన్, టి-యు-ఐ-టి-ఐ-ఓ-ఎన్, సి-ఓ-యు-ఎస్-ఐ-ఎన్, సి-ఓ-సి-ఓ-ఓ-ఎన్.

అసలు పదంలో లేని అక్షరం జవాబులో ఉందా అని అందరూ మొదట చూస్తారు. ఇక్కడ అలాంటిది లేదు. సి ఉంది, ఓ ఉంది, ఎన్ ఉంది. అందుకే కోకూన్ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ దానికి రెండు సి-లు, మూడు ఓ-లు కావాలి. మన దగ్గర అన్ని లేవు. అదే జవాబు. ప్రశ్న తయారుచేసేవాళ్లు ఈ జంట అక్షరాల దగ్గరే ఉచ్చు పెడతారు. కాబట్టి జవాబుల్లో ఏ పదంలో ఒకే అక్షరం మళ్లీమళ్లీ వస్తోందో దాన్నే ముందు పరీక్షించండి. రెండో జవాబు దగ్గర ఇంకో చిక్కుంది. మనం ట్యూషన్ అంటాం కాబట్టి యు పక్కనున్న ఐ వినపడదు. ఎప్పుడూ నోటితో కాక కంటితో లెక్కపెట్టండి.

ఫోన్‌లో వెతకడం

ఆన్‌లైన్‌లో పదాలు వెతికిపెట్టే సైట్లు, యాప్‌లు చాలా ఉన్నాయి. వాటిలో మామూలుగా "దీనితో మొదలు", "దీనితో ముగింపు", "ఇవి ఉండాలి", "ఇన్ని అక్షరాలు" అనే గళ్లుంటాయి. అన్నీ ఒకేసారి నింపకండి. ముందు ఎన్ని అక్షరాలో పెట్టి, తర్వాత ఉండాల్సినవి పెట్టండి. "ఇవి ఉండాలి" అన్న గడిలో కొన్ని చోట్ల అక్షరాలు పక్కపక్కనే ఉండాలని అర్థం, కొన్ని చోట్ల ఎక్కడున్నా సరే. మీకు తెలిసిన పదంతో ఒకసారి పరీక్షించి చూస్తే తెలిసిపోతుంది.

వన్‌లుక్ అనే డిక్షనరీ సైటులో గుర్తులతో వెతకొచ్చు. ప్రశ్నార్థకం ఒక అక్షరానికి, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా. మన వర్డల్ ఉదాహరణకైతే రెండు ప్రశ్నార్థకాలు, ఏ, ఆర్, మరో ప్రశ్నార్థకం కొట్టాలి. నక్షత్రం, క్యూ, నక్షత్రం కొడితే క్యూ ఎక్కడున్నా వస్తుంది.

శ్రీశైలం దారిలో నల్లమల ఎక్కాక సిగ్నల్ పోతుంది. అలాంటప్పుడు పనికొచ్చేలా జాబితానే దించుకోవచ్చు. ఎనేబుల్ అనే పదాల జాబితాకు కాపీరైట్ లేదు, 1,72,000కు పైగా పదాలున్నాయి. దాన్ని ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసలో పోసి, పక్క వరుసలో లెన్ ఫార్ములాతో ఎన్ని అక్షరాలో లెక్క తెచ్చుకోండి. ఫిల్టర్‌లో "కంటెయిన్స్" ఎంచుకుని ఒక అక్షరం పెట్టండి. వచ్చినవాటిని వేరే షీటులోకి కాపీ చేసి, రెండో అక్షరంతో మళ్లీ ఫిల్టర్ చేయండి. రెండు మూడు వడపోతలకు జాబితా చేతికందేంత అవుతుంది.

ఎదురుగా మనిషి కూర్చుని ఆడుతున్నప్పుడు ఇవేవీ తీయకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆట అయ్యాక, మీ చేతిలో ఉండి కూడా తట్టని పదమేదో చూసుకోవడానికి వాడండి.

నోటుబుక్ ఎలా రాయాలి

కొత్త పదాలను ఏ నుంచి జెడ్ దాకా వరసగా రాసుకుంటే ఆటలో పనికిరావు, ఎందుకంటే చేతిలో అక్షరాలు వరసగా రావు. పోటీల్లో ఆడేవాళ్లు వేరేలా రాస్తారు. పదంలోని అక్షరాలను అక్షరమాల క్రమంలో పేర్చి ఎడమ పక్కన రాస్తారు, వాటితో వచ్చే పదాలన్నీ కుడి పక్కన. ఎడమన ఏ-ఇ-జి-ఐ-ఎన్-ఆర్-టి, కుడిన గ్రానైట్, టేరింగ్, ఇన్‌గ్రేట్. కుడి పక్క చేత్తో మూసి, ఎడమ పక్క చూసి చెప్పడమే సాధన. ఆటలో కూడా బిళ్లలు రాగానే అదే క్రమంలో పేర్చుకుంటే, నోటుబుక్‌లో చూసిన వరసే కళ్లముందుకొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఎస్, ఏ, టి, ఐ, ఎన్, ఇ అనే ఆరు అక్షరాలతో మొదలుపెట్టండి. వీటికి దాదాపు ఏ ఏడో అక్షరం కలిసినా ఒక పదం వస్తుంది. ఆర్ కలిస్తే నాస్టియర్, రిటెయిన్స్, రెటినాస్, ఇంకా కొన్ని. ఒక్కో పేజీకి ఒక్కో ఏడో అక్షరం పెట్టుకుని, వచ్చే పదాలను సైటులో సరిచూసి రాసుకోండి. ఆట మధ్యలో ఈ ఆరింటిలో నాలుగైదు చేతిలో పడితే వాటిని చెదరగొట్టకుండా, మిగతా బరువు బిళ్లలనే చిన్న చిన్న పదాల్లో దించుకుంటూ రండి.